కదలని గీత

ఒక పీజీ విద్యార్థి ప్రాణం తీసుకున్నాక కాలేజీలో సంతాప సభ జరిగింది. నెల తిరక్కుండా అదే హాల్లో ఆత్మహత్యల నివారణ శిక్షణ పెట్టారు. మానసిక వైద్య విభాగంలో అసోసియేట్ ప్రొఫెసరైన డాక్టర్ హైమావతి రెండు గంటలు స్లైడ్లు చూపించి చెప్పింది. వెనక వరసల్లో పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. చివర్లో, ఎవరికైనా సందేహాలున్నాయా అంటే, క్రికెట్ టీమ్ కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

"మేడమ్, అంత పిరికివాళ్ళు అసలు మెడిసిన్‌కి ఎందుకొస్తారు?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు హైమావతిని చాలా రోజులు వెంటాడింది. మాటలతో అయ్యే పని కాదని ఆమెకు ఆనాడే తేలిపోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, ఓపీ వెనక పాత స్టోర్ రూములో, ఆమె, బయోమెడికల్ ఇంజనీర్ ఇమ్మానుయేలు కలిసి ఒక పరికరం తయారు చేశారు. చూడ్డానికి నుదుటికి కట్టుకునే పట్టీ, మణికట్టుకు ఇంకో చిన్న పట్టీ, అంతే. కాగితాల మీద దాని పేరు అనునాదిని. పిల్లలు మాత్రం బరువు పట్టీ అనేవారు.

మొదటిసారి కుర్చీలో కూర్చున్నది ఆ క్రికెట్ కెప్టెనే. హైమావతి పనిగట్టుకుని పిలిపించింది.

"ఏమవుద్ది సార్? షాక్ కొడతదా?" అన్నాడు నవ్వుతూ.

"షాకేం కాదు," అన్నాడు ఇమ్మానుయేలు పట్టీ బిగిస్తూ. అమలాపురం మనిషి, నెమ్మదస్తుడు. "ఒక టీచరమ్మ ఉన్నారు. ఏడాది కిందట ఆవిడ బాగా కుంగిపోయి ఇక్కడే చేరారు. అప్పుడు ఆవిడ మెదడు, గుండె, ఊపిరి ఏ లయలో నడిచాయో, ఆవిడ ఒప్పుకున్నాకే రికార్డు చేశాం. ఇప్పుడు బాగున్నారు లెండి. ఆ లయని నీ నుదుటి దగ్గర మెల్లగా వినిపిస్తాం. పక్కవాడు తాళం వేస్తుంటే మన కాలు కూడా కదులుద్ది చూశావా, అలాగే నీ మెదడు కాసేపు దానికి తాళం వేస్తుంది. ఆవిడ ఆలోచనలు నీకు రావు. ఆ బరువొక్కటే తెలుస్తుంది. వద్దనుకుంటే చెయ్యెత్తు, ఆపేస్తాను."

తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి తిన్నగా సాగుతోంది. ఇమ్మానుయేలు మీట నొక్కాడు. కాసేపటికి గీత వంగి, జారి, అడుక్కు దిగిపోయింది. కుర్రాడి మొహంలో నవ్వు చెరిగిపోయింది. భుజాలు వాలిపోయాయి. తేలికపరిచే లయ వినిపించి, పట్టీ తీసి, మంచినీళ్ళిచ్చాక కూడా అతను చాలాసేపు లేవలేదు.

"మేడమ్," అన్నాడు చివరికి, "లేచి ఆ తలుపు దాకా నడవాలన్నా నా వల్ల కాదనిపించింది. ఆవిడ ఇలాగే స్కూలుకెళ్ళి పాఠాలు చెప్పేవారా?"

"మూడు నెలలు చెప్పారు. ఎవరికీ తెలియదు."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత శిక్షణలో ఎదుటి మనిషిని సూటిగా ఎలా అడగాలో నేర్పినప్పుడు అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నవాడు అతనే. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అప్పటికే ఉంటే దాన్ని బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఈ ముక్క హైమావతి స్లైడ్లలో వందసార్లు చెప్పినా ఎక్కలేదు. పట్టీ కట్టుకున్నాక ఒక్కసారికే ఎక్కింది.

మొదటి విడతలో నలభై మంది దాకా కూర్చున్నారు. అందరి గీతలూ పడ్డాయి. కొందరివి ఎక్కువ, కొందరివి తక్కువ. పడనిది ఒక్కటే, లోవప్రసాద్‌ది.

తుని కుర్రాడు. తలుపులమ్మ లోవకు మొక్కుకున్నాక పుట్టాడని ఆ పేరు పెట్టారు. తండ్రి లేడు, తల్లి ఆర్టీసీలో కండక్టరు. ఫైనలియర్ పార్ట్ వన్‌లో ఉన్నాడు. హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా లోవానే పిలిచేవారు. శవాన్ని చూసి వాంతి చేసుకున్న ఫస్టియర్ పిల్లల్ని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ తాగించేది అతనే. పట్టీ కట్టించుకుంటానని ఎవరూ పిలవకుండానే వచ్చి అడిగాడు.

ఇమ్మానుయేలు మీట నొక్కాడు. గీత తిన్నగా పోతూనే ఉంది. ఎక్కడో కనెక్షన్ వదులైందనుకుని పట్టీ మార్చి మళ్ళీ పెట్టాడు. గీత కదల్లేదు.

లోవప్రసాద్ కళ్ళు తెరిచి తెర వైపు, తర్వాత హైమావతి వైపు చూశాడు.

"ఏం కనిపించింది మేడమ్?"

"ఏమీ లేదయ్యా. రాయిలా ఉన్నావు," అని మెచ్చుకోలుగా నవ్విందామె. "ఇలాంటి మనసే కావాలి ఈ పనికి."

"అంతేనా మేడమ్?"

"అంతే. నువ్వు ఇంక కూర్చునే వాడివి కాదు, కూర్చోబెట్టే వాడివి. వచ్చేవారం నుంచి జూనియర్లకి శిక్షణ నువ్వే ఇవ్వాలి."

అతను పట్టీ విప్పి, తీగ చిక్కు పడకుండా చుట్టి, బల్ల మీద పెట్టాడు. "సరే మేడమ్," అన్నాడు.

ఫలితాలు లెక్క కట్టేటప్పుడు అతని కొలత మిగతావాటితో పొసగలేదు. పరికర లోపం కావచ్చని ఒక వాక్యం రాసి పక్కన పెట్టేశారు.

*

ఆ రోజుల్లో హైమావతి ఇంట్లో అన్నాల దగ్గర ఎక్కువగా వినిపించే పేరు లోవాదే.

"నీ కూతురి పేరు కూడా ఇన్నిసార్లు తలవడం లేదు నువ్వు," అనేవాడు భర్త రామ్మోహన్.

కూతురు మృదుల బళ్ళారిలో మెడిసిన్ రెండో ఏడు చదువుతోంది. ఆదివారాలు ఫోన్ చేసేది. తిన్నావా, తిన్నాను. నిద్రపోతున్నావా, పోతున్నాను. బాగున్నావా, బాగున్నానమ్మా. ఊళ్ళో పిల్లలందరికీ సూటిగా అడగమని నేర్పే హైమావతి సొంత కూతురి దగ్గర ఆ మూడు ప్రశ్నలు దాటేది కాదు. దాటాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు కూడా.

లోవప్రసాద్ శిక్షణ బాగా ఇచ్చేవాడు. గొంతు పెంచేవాడు కాదు. "వాళ్ళు ఏం లేదంటే వెంటనే నమ్మీకండి," అని జూనియర్లకు చెప్పేవాడు. "ఏం లేదన్న మాట బయటికి రావడం చాలా వీజీ. కాసేపు అక్కడే కూర్చోండి." ఆ మాట ఏ పుస్తకంలో చదివాడా అని హైమావతి ఆశ్చర్యపోయింది. అడగలేదు.

వానాకాలం దాటేసరికి అతను చిక్కిపోయాడు. చొక్కా భుజాల దగ్గర జారుతోంది. పరీక్షల బెంగ అనుకుందామె. మెడిసిన్‌లో పరీక్షల ముందు చిక్కని వాడెవడు? మెస్‌కి సరిగ్గా రావడం లేదని ఎవరో అన్నారు. మెస్ తిండి ఎవరు తింటారు?

ఒక మధ్యాహ్నం ఆమె హైదరాబాదు సదస్సుకు బయల్దేరే హడావిడిలో ఉండగా అతను గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, ఆ టీచరమ్మగారు ఎలాగున్నారు? రికార్డింగ్ ఇచ్చినావిడ."

"బాగున్నారుగా. మొన్ననే మనవడి బారసాలకి పిలిచారు."

"ఎలా బాగయ్యారు మేడమ్? అంటే, అక్కణ్ణుంచి ఎలా వచ్చారు?"

మంచి ప్రశ్న, శిక్షణలో చేర్చాలి అనుకుందామె. "మందులు, కొంత కాలం, వదలకుండా పట్టుకున్న మనుషులు. అదో పెద్ద కథలే," అంటుండగానే కారు వచ్చిందని ఫోన్ మోగింది. "ఎల్లుండి వచ్చేస్తాను. అప్పుడు కూర్చుని చెబుతాను, సరేనా?"

"పర్లేదు మేడమ్. వెళ్ళిరండి," అని ఆమె చేతిలోని బ్యాగు తీసుకుని కారు దాకా మోసుకొచ్చాడు.

మర్నాడు సదస్సులో ఆమె ప్రసంగం అవగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వేదిక దిగుతూ ఫోన్ చూసుకుంటే ఇమ్మానుయేలు నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. చేస్తే, మొదటి రింగుకే ఎత్తాడు.

"లోవా, మేడమ్. హాస్టల్ గదిలో... బతికే ఉన్నాడు. ఐసీయూలో పెట్టారు. మీరొచ్చెయ్యండి."

రూమ్మేటు మరిచిపోయిన ఏప్రన్ కోసం వెనక్కి వచ్చాడట. అలా రాకపోయి ఉంటే ఇంక చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు.

*

ఐసీయూ బయట బెంచీ మీద ఖాకీ చొక్కాలో ఒకావిడ కూర్చుని ఉంది. డ్యూటీలోంచి తిన్నగా వచ్చేసినట్టుంది, భుజాన టికెట్ల మిషను సంచీ కూడా తియ్యలేదు. హైమావతిని చూసి లేచి నిలబడింది.

"నా పేరు లోవకుమారండీ. మీరేనాండీ హైమావతిగారు? మావాడు ఎప్పుడూ మీ ఊసే చెప్తాడండి. ఇలాంటోళ్ళని కాపాడే పని మీ దగ్గర నేర్చుకుంటన్నానని చెప్పేడండి." ఆవిడ గొంతులో కోపం లేదు, అడగాలన్న తపనే ఉంది. "మీకేమైనా చెప్పేడాండీ? ఒక్క ముక్కైనా?"

"లేదమ్మా," అంది హైమావతి. ఆ మాట అనేటప్పుడే అది పూర్తిగా నిజం కాదని ఆమెకు లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

స్టోర్ రూములో ఇమ్మానుయేలు పాత కొలతలు తెర మీద పరిచి కూర్చున్నాడు. ఆమె వచ్చినా తల తిప్పలేదు.

"పట్టీ వదులు కాదండి మేడమ్. ఏ లోపమూ లేదు. ఆ గీత చూపించేది తేడా ఒక్కటే. మనిషి ఉన్నచోటు నుంచి ఎంత కిందికి దిగాడన్నదే." గొంతు సవరించుకున్నాడు. "మనం వినిపించిన లయలోనే వాడు అప్పటికే ఉన్నాడండి. ఇంక దిగడానికేముంది?"

హైమావతి తెర మీదికి వంగి ఆ తిన్నని గీతను మళ్ళీ చూసింది. రాయిలా ఉన్నావు అని తాను నవ్విన నవ్వు ఆమెకు వినిపించింది. పిరికివాళ్ళన్నందుకు హాల్లో పిల్లలు నవ్వారే, ఆ నవ్వు కంటే ఇది ఏం నయం?

ఆ సాయంత్రం బళ్ళారికి ఫోన్ చేసి కూతుర్ని అడిగేసింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని, అడ్డం తిప్పకుండా. "నామీద ప్రాక్టీసు చేస్తున్నావా అమ్మా?" అని కోపంగా అంది మృదుల. పెట్టేస్తుందనుకుంటే పెట్టెయ్యలేదు. కొంతసేపటికి ఏడవడం మొదలుపెట్టింది. చావాలని కాదు గానీ ఫస్టియర్లో ఆర్నెల్లు నరకంలా గడిచిందని, చెబితే అమ్మ తనని కేసులా చూస్తుందని భయపడ్డానని చెప్పింది. హైమావతి ఫోన్ చెవికి అదుముకుని, మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వకుండా విన్నది. అంతసేపు కూతురి మాట విని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

*

లోవప్రసాద్‌ను వార్డుకు మార్చాక హైమావతి రోజూ వెళ్ళేది. అతనికి వైద్యం వేరే డాక్టరు చేస్తున్నాడు, అది ఆమే కోరింది. మొదట్లో అతను గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకనాటి పొద్దున, లోవకుమారి కింద క్యాంటీన్‌కి ఇడ్లీలు తేవడానికి వెళ్ళినప్పుడు, తనంతట తానే ఇటు తిరిగాడు.

"మేడమ్, నేను పట్టీ ఎందుకు కట్టించుకున్నానో తెలుసా మీకు?"

"చెప్పు నాన్నా."

"నోటితో చెప్పలేకపోయాను. చాలాసార్లు మీ గది దాకా వచ్చాను. అమ్మ ఆ బస్సులో పొద్దుణ్ణుంచి నిలబడే ఉంటది. నాకేటి బాధ? ఎవరికి చెప్పినా నవ్వుతారనిపించేది. మిషనైతే అబద్ధమాడదు కదా, అదే చెప్పేస్తది, నేను చెప్పక్కర్లేదనుకున్నాను." అతను ఊపిరి తీసుకున్నాడు. "అది చెప్పింది మేడమ్. నేను తెర చూశాను. నాకర్థమైంది. మీకెందుకు అర్థం కాలేదు?"

గర్వం కమ్మేసిందని చెప్పవచ్చు. పరికరం గెలవాలన్న తొందరలో మనిషిని చూడలేదని చెప్పవచ్చు. ఆ మాటలు ఆ మంచం పక్కన చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

"నేను అడిగి ఉండాల్సింది," అంది. "గీత కదలనప్పుడు నిన్ను అడగడమొక్కటే నేను చెయ్యాల్సిన పని. అది చెయ్యలేదు."

అతను కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీదుగా నీళ్ళు జారి తలగడలో ఇంకాయి. తల్లి ఇడ్లీలతో వచ్చేదాకా హైమావతి అతని చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

*

గీత సంగతి ప్రిన్సిపల్ డాక్టర్ వరదరాజు చెవిన పడింది. చెడ్డవాడు కాడు. లోవప్రసాద్ ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ రెండు పూటలా వచ్చి చూసివెళ్ళాడు. హైమావతిని, ఇమ్మానుయేలును పిలిచి కూర్చోబెట్టి అన్నాడు: "అంటే ఇది మనుషుల్ని పట్టిచ్చే మిషనన్నమాట. ప్రతి విద్యార్థికీ ఏడాదికోసారి కడదాం. గీత కదలని వాళ్ళని ఇళ్ళకి పంపిద్దాం. బాగై, సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే తిరిగి రానిద్దాం."

"సార్, ఇంటికి పంపిస్తే వాళ్ళు శిక్ష అనుకుంటారు," అంది హైమావతి.

"ఇంకో పిల్లాడు పోతే వాళ్ళమ్మకి మీరు జవాబు చెబుతారా డాక్టర్‌గారూ? నావల్ల కాదు."

బయటికొచ్చాక ఇమ్మానుయేలు కూడా ఆమెతో వాదించాడు. "ఇళ్ళకి పంపడం తప్పే, మార్పిద్దాం. కానీ పట్టీని మాత్రం వదలొద్దండి. మేడమ్, ఇదొక స్టెతస్కోపు లాంటిది. వినడం రాలేదని స్టెతస్కోపు పారేస్తామా?"

ఆమె చాలా రోజులు ఆలోచించింది. లోవప్రసాద్‌ను అడిగింది. "పట్టీ అందరికీ పెడతారని తెలిసుంటే నేను ఆ రోజు కాలేజీకే వచ్చేవాణ్ణి కాదు మేడమ్," అన్నాడు. "డాక్టరు కానివ్వరేమోనన్న భయం దానికి తోడయ్యేది." టీచరమ్మకు విషయమంతా చెప్పింది. ఆవిడ విని, "నా బాధ ఇచ్చింది పిల్లలకి అర్థమవ్వాలని. వాళ్ళని ఏరి పక్కన పెట్టడానికి కాదమ్మా. అలాగైతే నాది నాకిచ్చెయ్యండి," అంది.

ఇచ్చేయడమంటే చెరిపేయడమే. ఆ రికార్డింగ్ లేకపోతే పట్టీ వట్టి గుడ్డముక్క. హైమావతి తన చేత్తోనే చెరిపేసింది. ఇమ్మానుయేలు ఆపలేదు. తన సామాను పెట్టెలో సర్దుకుని, "మీరు చేసింది తప్పో ఒప్పో నాకు తెలీదండి. నేను మాత్రం ఇక్కడ ఉండలేను," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఏదో ఆసుపత్రిలో చేరాడని తెలిసింది.

లోవప్రసాద్ తల్లితో తుని వెళ్ళాడు. మందులు మానలేదు, క్రమంగా కోలుకున్నాడు. ఏడాది తర్వాత హైమావతి వెళ్ళి, సీటు నిలిపి ఉంచామని, ఎప్పుడైనా రావచ్చని చెప్పింది. అతను స్కూలు పిల్లలకు సైన్సు ట్యూషన్లు చెబుతున్నాడు. ఒళ్ళు చేశాడు. నవ్వాడు. కాని, "ఆ కాలేజీ గేటు దాటలేను మేడమ్, నన్నొదిలెయ్యండి," అన్నాడు. బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చిన లోవకుమారి, "బతికున్నాడు, అన్నం తింటన్నాడు. నాకది చాలండి. మీకే పాపం మనసొప్పటంలేదు," అంది. నిజమే. ఫస్టియర్ పిల్లలకు టీ తాగించిన ఆ చెయ్యి ఎన్ని వేల నాడులు పట్టుకునేదో అనుకుంటూనే హైమావతి బస్సెక్కింది.

*

ఇంకో రెండేళ్ళు గడిచాయి. పట్టీ లేకుండానే శిక్షణ నడుస్తోంది. కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఒకరినొకరు అడగమంటుంది హైమావతి. మునుపటంత పట్టు ఉండదు. కొందరు ఇకిలిస్తారు. కొందరు నిజంగానే అడుగుతారు.

ఒక పొద్దున ఆమె క్లాసుకు బయల్దేరుతుండగా ఇమ్మానుయేలు ఫోన్ చేశాడు. అతని గొంతు విని చాలా కాలమైంది.

"పేపరు చూశారాండి మేడమ్?"

"చూశాను."

పక్క జిల్లా మెడికల్ కాలేజీలో థర్డియర్ అమ్మాయి ప్రాణం తీసుకుంది. వార్త నాలుగు వాక్యాలే. అందరితో కలివిడిగా ఉండేదని స్నేహితులన్నారట.

మీరు చెరపకపోయి ఉంటే అని అతను అనలేదు. అంటే కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. "ఉంటానండి," అని పెట్టేశాడు.

క్లాసులో ఆ రోజు పిల్లలు బేసి సంఖ్యలో వచ్చారు. అందరూ జతలు కట్టాక ముందు వరసలో ఒకమ్మాయి మిగిలిపోయింది. సెకండియర్, కళ్ళద్దాలు, పేరు తన్మయి. హైమావతి కుర్చీ లాక్కుని ఆమె ఎదుట కూర్చుంది.

"నాకు జత నువ్వే. అడుగు నన్ను."

"మిమ్మల్నా మేడమ్?" అమ్మాయి చేతులు నలుపుకుంది. చుట్టూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "మేడమ్, ఈ మధ్య మీ మనసు బాగుంటోందా? బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా?"

అలాంటిదేం లేదని హైమావతి నోటిదాకా వచ్చింది. ఎవరూ నేర్పకుండానే, తలచుకోకుండానే వచ్చేసింది. అంత తేలిగ్గా రావడం చూసి ఆమే ఉలిక్కిపడి ఆగిపోయింది.

అమ్మాయి కంగారుపడలేదు, వేరే మాట అందుకోలేదు. అక్కడే కూర్చుని ఎదురుచూసింది.

"చావాలని లేదమ్మా," అంది హైమావతి కాసేపటికి. "కానీ బాగోలేదు. చాలా రోజులైంది. ఈ మాట నేనెవరితోనూ అనలేదు."